పడమటి రోడ్డు వంపు, కేరాఫ్ యలమందయ్య

గుండ్లమెట్ట మండలంలో ఇంగ్లీషు పేరు లేని వంపులన్నీ సాయంత్రం అయిదు గంటలకు, ఆఫీసుకు తాళం పడే వేళకు, నిటారుగా అయిపోతున్నాయి. ఇది మొదలై ఆర్నెల్లు కావడంతో జనం దీని గురించి మాట్లాడుకోవడం మానేశారు. మొదటి వారం కాస్త గందరగోళం జరిగిన మాట నిజమే. సంతలో కొడవళ్లు సాగిపోయి గునపాల్లా తయారయ్యాయి. గేదెల కొమ్ములు నిలువునా లేచి కొట్టాల చూరుల్లో ఇరుక్కున్నాయి. బస్టాండు పక్కన మిఠాయి కొట్టులో జిలేబీలు పుల్లలయ్యాయి. కొట్టాయన వాటిని పుల్లలుగానే అమ్మి, పొట్లం కట్టడం తేలికైందని ఉత్తర్వును మెచ్చుకున్నాడు. అరటికాయల వ్యాపారులు కూడా లారీలో సరుకు బాగా సర్దుకుంటోందని సంతోషించారు.

వంపుల నమోదు కార్యాలయం తహసీల్దారు ఆఫీసు వెనక, ఒకప్పుడు పశువుల ఆసుపత్రి నడిచిన రెండు గదుల్లో ఉంది. నియమం ఒక్క పేజీదే. సాయంత్రం అయిదింటికి ఏ వస్తువైనా, ఏ కట్టడమైనా, ఏ ఒళ్లయినా వంగి ఉంటే, ఆ వంపుకి రిజిస్టరులో ఇంగ్లీషు పేరు ఉండి తీరాలి. పేరు రెండు మాటల్లోనే ఉండాలి, ఎందుకంటే వంపుకి కొసలు రెండు. ఇంగ్లీషే ఎందుకయ్యా అంటే, తెలుగులో రాసి పంపిన వంపులు పై ఆఫీసు కంప్యూటరులో తిన్నటి గీతలుగా కనిపించాయట. కంప్యూటరుని మార్చడం కంటే వంపుల్ని మార్చడం సులువని పైవాళ్లు తేల్చారు.

అసలు చిక్కు ఇంకోటి ఉంది. ఆ రెండు మాటలూ ఇంగ్లీషువాళ్ల నోట్లో జంటగా తిరిగేవై ఉండాలి. ఎవరికి తోచిన జంట వాళ్లు కలిపితే వంపు నిలవదు. ఒక రైతు తన బండి చక్రాలకు ‘హెవీ కర్వ్’ అని రాసిచ్చాడు. బరువులు మోసే చక్రాలు కదా అని ఆయన ఉద్దేశం. సాయంత్రం అయిదయ్యేసరికి చక్రాలు రెండూ చెక్క పలకలయ్యాయి. ఇంగ్లీషులో హెవీకి వానతో పొత్తు ఉంది గానీ వంపుతో లేదని తర్వాత తెలిసింది.

ఈ పొత్తుల సంగతి తెలిసినవాడు ఊళ్లో ఒక్కడే, జాన్ విక్టర్ మాస్టారు. ముప్పై ఒక్క ఏళ్లు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాడు. ఆఫీసు ఆవరణలో వేపచెట్టు కింద కుర్చీ వేసుకుని కూర్చుంటే, జనం తమ కొడవలినో, గొడుగు పిడినో తెచ్చి ఆయనకు చూపించేవారు. “జెంటిల్ పక్కన కర్వ్ కూర్చుంటుంది, షార్ప్ పక్కన బెండ్ కూర్చుంటుంది, మనం పీటలు మార్చకూడదు,” అని ఆయన అందరికీ ఒకేలా చెప్పేవాడు. మెల్లగా తిరిగే వంపుకి మొదటిది, చటుక్కున తిరిగే వంపుకి రెండోది. పాఠం చెప్పినన్నాళ్లూ ఎవరూ వినలేదు గానీ, ఇప్పుడు మాత్రం ఒక్క మాట పొల్లు పోకుండా వింటున్నారని ఆయనకు లోలోపల తృప్తిగా ఉండేది.

ఆమోదించిన పేర్ల జాబితాలో రెండు భాగాలున్నాయి. మొదటి భాగంలో నిలిచి ఉండే వంపుల పేర్లు. ఒక్కో పేరు మండలం మొత్తానికి ఇన్నిసార్లే ఇవ్వాలని లెక్క ఉంది. ఇంటికి మూడు పేర్లకు మించి ఇవ్వరు. రెండో భాగంలో ఒంగడం, వాలడం, తల వంచడం లాంటి కదలికల పేర్లు ఉన్నాయి. అవి కావాలని ఎవరూ అడగలేదు. ఆ రిజిస్టరుని జూనియర్ అసిస్టెంటు పానకాలరావు తన బల్ల కాలు కింద ఎత్తుకి పెట్టుకున్నాడు. బల్ల కుదురుగా నిలబడినందుకు అతను ఆ రిజిస్టరు పట్ల కృతజ్ఞతగానే ఉన్నాడు.

యలమందయ్యకు ఈ ఉత్తర్వు వల్ల మేలే జరిగింది. అతను వెదురు బుట్టలు అల్లుతాడు. వయసు అరవై రెండు. నలభై ఏళ్లుగా గొంతుక్కూర్చుని బద్దలు చీల్చి చీల్చి అతని నడుము వంగిపోయింది. ఎదుటివాడి మొహం చూడాలంటే మెడ పక్కకి తిప్పాల్సి వచ్చేది. ఉత్తర్వు వచ్చిన మొదటి సాయంత్రం అతను పెరట్లో బద్దలు కట్ట కడుతున్నాడు. అయిదయ్యేసరికి నడుములో వరసగా టకటకమని శబ్దం వచ్చి, మనిషి నిలువుగా లేచి నిలబడ్డాడు. ఏం జరిగిందో చెబుదామని ఇంట్లోకి పోబోయి గుమ్మానికి తల కొట్టుకున్నాడు. భార్య వీరనాగమ్మ పొయ్యి దగ్గర నుంచి తిరిగి చూసి, ముందు భయపడింది, తర్వాత నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. పెళ్లిచూపుల్లో చూసిన పొడవు మళ్లీ ఆవేళే చూసింది.

ఆ ఆర్నెల్లూ అతను చాలా సుఖపడ్డాడు. రాత్రిళ్లు వెల్లకిలా పడుకున్నాడు. బజారులో సినిమా పోస్టర్లు పైదాకా చదివాడు. నడుం నొప్పి పోయింది. రోజుకు రెండుసార్లు గుమ్మానికి తల తగిలేది, తగిలినప్పుడల్లా అతనికి సంతోషంగానే ఉండేది. ప్రభుత్వం తన ఒంటికి చేసిన పని ఇదొక్కటేనని వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేవాడు.

తన ఇంటి మూడు పేర్లూ అతను మొదటి రోజే తీసుకున్నాడు. బుట్టకొకటి, చేటకొకటి, తట్టకొకటి. ఒక ఇంట్లో తయారయ్యే బుట్టలన్నిటికీ ఒకే పేరు చాలు. వంపు పోతే బుట్ట చాప అవుతుంది, చాపలో ఎవరూ టమాటాలు పోసుకోరు. అందుకని ముందు కూటికి పనికొచ్చే వంపుల్ని కాపాడుకున్నాడు. ఇంటి ముందు నుంచి పోయే రోడ్డుకి కూడా ఒక వంపు ఉందని, దానికీ పేరు కావాలని అతనికి తట్టనే లేదు. సర్కారు రోడ్డు వంపుని సర్కారే రాయించుకుంటుందని అతను అనుకున్నాడు. ఆ వీధిలో ఎవర్ని అడిగినా అట్లాగే చెప్పేవారు.

పడమటి రోడ్డు రైల్వే గేటు దగ్గర నుంచి తిన్నగా వచ్చి, యలమందయ్య ఇంటి ముందు పక్కకి తిరిగి, ఇంటినీ పెరడునూ చుట్టుకుని మార్కెట్ యార్డు వైపు పోతుంది. ఆ రోడ్డు వేసేటప్పుడు కంకర మోసిన తట్టలన్నీ యలమందయ్య నాయన అల్లినవే. ఇల్లు పడగొడితే తట్టలు అల్లేవాడు దొరకడని అప్పటి మేస్త్రీ రోడ్డునే పక్కకి తిప్పాడు. అంతకు మించి ఆ వంపుకి కారణమంటూ లేదు.

సోమవారం నోటీసు వచ్చింది. చాలా మర్యాదగా రాశారు. పడమటి రోడ్డులో మూడో కిలోమీటరు దగ్గరున్న వంపుకి పేరు లేనట్టు ఆరునెలల సర్వేలో తేలిందని, ఇన్నాళ్లూ అది కేవలం పొరపాటున వంగి ఉందని, ఆ పొరపాటుని వచ్చే శుక్రవారం సాయంత్రం అయిదింటికి సరిదిద్దుతున్నామని, ఆ సమయంలో ఇంట్లోని మనుషులు రోడ్డుకి అడ్డం లేకుండా చూసుకోవాలని అందులో ఉంది. నోటీసు చదివి వినిపించిన పోస్టుమాను, రోడ్డు తిన్నగా అయితే వంటింటికీ పడకింటికీ మధ్య నుంచి పోతుందని వేలితో గాల్లో గీసి చూపించాడు. వీరనాగమ్మ ఆ గీత వంక చాలాసేపు చూసింది. ఆ ఇంట్లోనే ఆమె ముగ్గుర్ని కన్నది, ఒకర్ని పోగొట్టుకున్నది. వేరే చోటికి పోవడానికి వాళ్లకు వేరే చోటు లేదు.

మంగళవారం ఇద్దరూ ఆఫీసుకు వెళ్లారు. పానకాలరావు చెడ్డవాడు కాదు. కుర్చీలు చూపించి కూర్చోమన్నాడు. ఉత్తర్వు వచ్చినప్పటి నుంచి ముసలివాళ్లంతా నిటారుగా నిలబడి తన కళ్లలోకి సూటిగా చూస్తూ మాట్లాడుతుంటే అతనికి ఇబ్బందిగా ఉండేది, అందుకని ఎవరొచ్చినా ముందు కూర్చోబెట్టేవాడు.

“రోడ్డు మీదే గదా సారూ,” అన్నాడు యలమందయ్య.

“రోడ్డు మాదే. వంపు నీది,” అన్నాడు పానకాలరావు.

తర్వాత విడమర్చి చెప్పాడు. రోడ్డు తిన్నగా పోవడమే రోడ్ల శాఖకు లాభం. వంపు వల్ల మేలు పొందుతున్నది యలమందయ్య ఇల్లు. కాబట్టి వంపుకి లబ్ధిదారు అతనే, దరఖాస్తు పెట్టుకోవాల్సిందీ అతనే. రోడ్ల శాఖ ఈ విషయం తమ గోడ మీద అంటించింది కూడా. ఆ గోడ మాత్రం జిల్లా కేంద్రంలో ఉంది.

“అయితే ఆ వంపుని చుట్టజుట్టుకుని మా పెరట్లో ఏసుకోమంటారా,” అంది వీరనాగమ్మ.

అట్లాంటి వెసులుబాటు లేదని పానకాలరావు నిజంగానే బాధపడ్డాడు.

మొదటి భాగం పేర్లు దాదాపు అయిపోయాయి. యలమందయ్య ఇంటి ముందు వంపుకి సరిగ్గా సరిపోయే జెంటిల్ కర్వ్ చివరిది మొన్ననే పోయింది. దాన్ని మార్కెట్ యార్డు చైర్మన్ తన మీసాలకు రాయించుకున్నాడు. ఆయన ఫంక్షన్ హాలు కమాన్లకు అంతకుముందే పదకొండు పేర్లు పోయాయి. ఇంటికి మూడే కదా అని వీరనాగమ్మ అడిగితే, చైర్మన్ గారిది ఒక ఇల్లే గానీ ఏడు రేషను కార్డులని తేలింది. అంతా నియమం ప్రకారమే ఉంది. బుట్ట పేరు తీసి రోడ్డుకిద్దామంటే అదీ కుదరలేదు. వెనక్కిచ్చిన పేరు పై ఆఫీసుకు పోయి, కడిగి ఆరబెట్టి రావడానికి తొంభై రోజులు పడుతుంది.

మిగిలింది ఒక్క హెయిర్‌పిన్ బెండ్. ఘాట్ రోడ్ల మీద వచ్చినదారినే వెనక్కి తిరిగే మలుపది. ఆ పేరిచ్చి చూద్దామని పానకాలరావే ఉత్సాహపడ్డాడు. వేపచెట్టు కింద నుంచి మాస్టారిని పిలిపిస్తే ఆయన వద్దన్నాడు. వస్తువుకి కొలత కుదరని పేరు పెడితే, వస్తువే పేరు కొలతకు మారుతుందట. ఆ పేరు పెడితే రోడ్డు యలమందయ్య ఇంటి దాకా వచ్చి, వెనక్కి తిరిగి మళ్లీ రైల్వే గేటుకే పోతుంది. మార్కెట్ యార్డుకు దారి ఉండదు. ఈ కబురు ఎట్లా పొక్కిందో గానీ, బుధవారం పొద్దునకల్లా మిర్చి వ్యాపారులు నలభై మంది సంతకాలతో అభ్యంతరం దాఖలు చేశారు.

ఆ పొద్దునే యలమందయ్య మళ్లీ ఆఫీసుకొచ్చి బల్ల ముందు నిలబడ్డాడు. అతని చెయ్యి బల్ల అంచుని తడుముతూ ఉంది, అది ఏ చెక్కో, ఎంత వంగుతుందో చూస్తున్నట్టు. ఆ బల్ల కదలకుండా ఉండడం చూసి, పక్కనే ఉన్న మాస్టారు కిందికి చూశాడు. బల్ల కాలు కింద రెండో భాగం రిజిస్టరు కనిపించింది.

దాన్ని బయటికి లాగి దుమ్ము దులిపితే అందులో ఒక్క పేరూ వాడినట్టు లేదు. బెండ్ డౌన్, లీన్ ఫార్వర్డ్, స్లైట్ స్టూప్, డీప్ బో. ఇవన్నీ మనిషి ఒళ్లు చేసే పనులు. చివరి పేజీలో సన్నటి అక్షరాల్లో ఒక వెసులుబాటు ఉంది. మనిషి వంపు కింద నమోదైన పేరుకి ఒక స్థిరమైన వంపుని ఆధారిత వంపుగా జతచేయవచ్చు. అయితే ఆ మనిషి ఆధారిత వంపు ఉన్నచోటే ఉండాలి, అన్నే డిగ్రీలు వంగి ఉండాలి, ఆఫీసు వేళలంతా వంగి ఉండాలి. ఆదివారాలూ రెండో శనివారాలూ మినహాయింపు. వంగి చేసే వృత్తిపనులు ఈ సమయంలో చేసుకోవచ్చు. ఆ చివరి వాక్యం చదివి పానకాలరావు, రాసినవాళ్లెవరో చాలా మంచివాళ్లని అన్నాడు.

రోడ్డు వంపు కొలిస్తే నలభై రెండు డిగ్రీలు వచ్చింది. బెండ్ డౌన్, లీన్ ఫార్వర్డ్ చేసి లేచే పనులే గానీ నిలిచి ఉండే వంపులు కావు. స్లైట్ స్టూప్ అంటే కొంచెం వంగడం, అది పదిహేను డిగ్రీలు దాటదు. కాబట్టి డీప్ బో తప్ప మార్గం లేదు. అంటే బాగా వంగి దణ్ణం పెట్టినట్టు ఉండడమని మాస్టారు చెప్పి, యలమందయ్య మొహం చూడలేక కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

“మళ్లీ వంగమంటారు,” అన్నాడు యలమందయ్య.

“నీకు అలవాటున్నదే కదా,” అన్నాడు పానకాలరావు. ఎగతాళి చేద్దామని కాదు, ధైర్యం చెబుదామనే అన్నాడు.

బుధవారం సాయంత్రం ఇంటి ముందు నిలబడి యలమందయ్య ప్రయత్నించి చూశాడు. వంగడం ఎవరైనా వంగుతారు, వంగి నిలవడమే కష్టం. ఒక్క డిగ్రీ అటూ ఇటూ అయితే ఫర్వాలేదు, అంతకు మించి వణకకూడదు. అతను పది నిమిషాలు నిలబడేసరికి తొడలు వణికాయి, నడుము తనంతట తానే పైకి లేచింది. ఆర్నెల్లు తిన్నగా ఉండి దానికి రుచి తెలిసింది. మళ్లీ వంగాడు, మళ్లీ లేచింది. అరుగు మీద కూర్చుని, పోతే పోనీ ఇల్లు, నేనింక వంగను అన్నాడు. వీరనాగమ్మ లోపలికి పోయి వంటింటి గోడనీ పడకింటి గోడనీ ఒకసారి చూసొచ్చి, అతని పక్కన కూర్చుంది. ఇద్దరికీ ఏడుపొచ్చింది. కాసేపు దాపరికం లేకుండా ఏడ్చారు.

గురువారం తెల్లవారుజామునే ఆమె పెద్ద బానలో నీళ్లు కాచింది. ఏం చేయబోతోందో అతనికి చెప్పాల్సిన పని లేదు. పచ్చి బద్దని ఉన్నపళంగా వంచితే విరుగుతుంది. నానబెట్టాలి, వేడి చూపించాలి, వెలుగు రాకముందు మొదలుపెట్టి ఎండ ఎక్కేదాకా కొంచెం కొంచెంగా వంచాలి, వంగినచోట తాడు కట్టాలి. తడి ఆరేదాకా ఆ తాడు విప్పకూడదు. ఆరాక విప్పితే ఇంక అది నిలువుగా ఉన్న సంగతే మర్చిపోతుంది. ఈ పని ఆమె నలభై ఏళ్లుగా వెదురు మీద చేస్తోంది. బుట్ట నోటికి చుట్టే పెద్ద బద్దలు వంచడంలో యలమందయ్య కంటే ఆమె చెయ్యే మంచిదని ఊళ్లో పేరుంది.

“కదలబాకయ్యా,” అంది. “ఒక్కసారే వంచను. నీకు తెలియకుండా వంచుతా.”

గోనెపట్టా వేడినీళ్లలో ముంచి అతని నడుముకి చుట్టింది. అరగంటకోసారి మార్చింది. మారుస్తూ మారుస్తూ ఒక చేయి మెడ మీద, ఒక చేయి పొట్ట మీద పెట్టి వేలెడంత వంచేది. అతను బద్ద ఎట్లా ఉంటుందో అట్లాగే ఉన్నాడు. మధ్యలో ఒకసారి, బద్దలకి ఇంత నొప్పి పుట్టుద్దని ఇన్నాళ్లూ తెలవలేదని అన్నాడు. మధ్యాహ్నానికి కోణం కుదిరింది. మాస్టారు హైస్కూలు నుంచి పెద్ద చెక్క కోణమానిని అడిగి తెచ్చి పెట్టి చూశాడు. నలభై రెండున్నర. ఆరాక ఒక అర డిగ్రీ వెనక్కొస్తుంది, అందుకే ఎక్కువ వంచానని వీరనాగమ్మ చెప్పింది. మెడ నుంచి మోకాళ్లకు కొబ్బరి తాడు కట్టి, అతన్ని ఎండ తగిలేచోట నిలబెట్టింది. సాయంత్రం అయిదింటికి మళ్లీ నిలువైపోకుండా, పానకాలరావు తన సొంత బాధ్యత మీద పేరుని ఒక రోజు ముందే రిజిస్టరులో ఎక్కించాడు. అది అతను చేసిన పెద్ద సాయమని ఇద్దరూ ఇప్పటికీ చెప్పుకుంటారు.

శుక్రవారం నాలుగున్నరకు డెప్యూటీ వంపుల అధికారి హైమవతి మేడం జీపులో వచ్చారు. వీధి వీధంతా గోడల పక్కన నిలబడి ఉంది. వీరనాగమ్మ తాడు విప్పింది. అందరూ ఊపిరి బిగపట్టారు. యలమందయ్య కదలలేదు. నడుము లేస్తుందేమోనని అతను కూడా కాసేపు చూశాడు. అది లేవలేదు. అది ఏదో మర్చిపోయినట్టు అట్లాగే ఉండిపోయింది.

మేడం ఇత్తడి కోణమాని తీసి అతని నడుము దగ్గర పెట్టి కొలిచి, వెళ్లి రోడ్డు వంపు దగ్గర పెట్టి కొలిచి, రెండు అంకెలూ పక్కపక్కన రాసుకున్నారు. నలభై రెండు, నలభై రెండు. ఆవిడ మొహంలో కూడా తేట కనిపించింది. ఇల్లు పడేచోట నిలబడి సంతకం పెట్టడం ఆవిడకు ఇష్టం లేదు, జీపులో వస్తూ డ్రైవరుతో ఆ మాటే అన్నారట. అయిదు గంటలకు ఆఫీసు గంట ఇక్కడిదాకా వినిపించింది. రోడ్డు అంచు ఒకసారి, నిద్రలో ఒళ్లు విరుచుకునే పిల్లిలా, జానెడు మేర ఇంటి వైపు సాగి అరుగు పక్కనున్న వెదురు మోపుని తాకింది. తర్వాత యలమందయ్య వైపు చూసి వెనక్కి తగ్గి, ఉన్నచోట పడుకుంది. ఆ వెంటనే మాచర్ల పోయే బస్సు ఒకటి వచ్చి, ఎప్పట్లాగే హారను కొట్టుకుంటూ వంపు తిరిగి పోయింది.

అప్పుడు వీధంతా ఊపిరి వదిలింది. వీరనాగమ్మ గోడకి ఆనుకుని కూలబడి, నవ్వుతూ ఏడుస్తూ, వంటింట్లోకి పరిగెత్తి అందరికీ టీ పెట్టింది. మేడం కూడా తాగారు. ఇల్లు మిగిలింది. ఆ సాయంత్రం ఆ ఇంట్లో ఉన్నంత తేలికైన మనసులు ఊళ్లో మరెక్కడా లేవు. యలమందయ్య టీగ్లాసు పట్టుకుని ఇంట్లోకి పోయాడు. గుమ్మం తగల్లేదు. ఆర్నెల్లలో తగలకపోవడం అదే మొదటిసారి. అతను గుమ్మం దాటాక ఒక్క క్షణం ఆగి, వెనక్కి మెడ తిప్పి దాన్ని చూశాడు. అదీ ఒకందుకు మంచిదేలే అనుకున్నాడు.

ఆదివారాలూ రెండో శనివారాలూ మినహాయింపు ఉంది గానీ, అతని నడుముకి సెలవులు తెలియవు. ఆరబెట్టిన బద్ద మళ్లీ నిలువు కాదు. దాని గురించి అతను ఎవరి మీదా ఫిర్యాదు చేయలేదు. వెల్లకిలా పడుకోవడం మానేసి పక్కకి తిరిగి పడుకుంటున్నాడు. సినిమా పోస్టర్లలో ఇప్పుడు కింద రాసే ఆట వేళలు మాత్రం బాగా కనిపిస్తున్నాయి. బుట్టలు అల్లడానికి ఈ నడుమే వీలుగా ఉందని కూడా ఒప్పుకున్నాడు.

ఈ సంగతి తెలిశాక జనం రావడం మొదలైంది. ఒకడి పొలం గట్టు వంపు పోయి సగం పొలం పక్కవాడి వైపు పడుతోంది. ఇంకొకామె బడ్డీ కొట్టు కాలవ మలుపు మీద ఉంది. మొదటి భాగం పేర్లు ఇక రావని అందరికీ తెలుసు. అందరూ రెండో భాగానికే దరఖాస్తు పెట్టుకుని, తిన్నగా వీరనాగమ్మ దగ్గరికి వచ్చి నిలబడేవారు. ఆమె పెరట్లో బాన దింపడం లేదు. ఉగాది నాటికి మూడు వందల పది మందిని వంచింది. ఒక్కరూ విరగలేదు. విచిత్రమేమంటే, మొదటి భాగంలో ప్రతి పేరుకీ లెక్క పెట్టిన పై ఆఫీసు, రెండో భాగంలో ఏ పేరుకీ లెక్క పెట్టలేదు. డీప్ బో ఎంతమంది అడిగినా ఉంది. అడిగిన ప్రతివాడికీ అదే రోజు దొరికింది. ప్రభుత్వాఫీసులో అడిగింది అడిగినట్టు దొరకడం చూసి జనం చాలా ఊరట చెందారు.

పానకాలరావుకి కూడా పని తేలికైంది. బల్ల ముందుకొచ్చేవాళ్ల కళ్లు ఇప్పుడు అతని కళ్లకు తగలడం లేదు. కుర్చీలు చూపించాల్సిన అవసరం పోయింది. ఆ మధ్య జిల్లా నుంచి తనిఖీకి వచ్చిన బృందం ఊరంతా తిరిగి, ఇక్కడ అసాధారణంగా ఏమీ కనిపించలేదని, మిగతా మండలాల్లో ప్రజలు ఎట్లా ఉన్నారో ఇక్కడా అట్లాగే ఉన్నారని నివేదిక రాసింది.

పోయిన బుధవారం పానకాలరావు ఒక కాగితం పట్టుకుని యలమందయ్య ఇంటికి వచ్చాడు. ఆధారిత వంపు ఎప్పటికీ నిలవాలంటే వారసుల గడి నింపాలి. లబ్ధిదారు కాలం చేస్తే ఆ మరుసటి సాయంత్రం అయిదింటికల్లా ఇంకొక నడుము సిద్ధంగా ఉండాలి. ఈ మాట ఎట్లా చెప్పాలా అని అతను దారి పొడుగునా ఆలోచించాడు. చివరికి కాగితమే ముందు పెట్టాడు.

యలమందయ్య బద్ద చీలుస్తూ తలెత్తలేదు. వీరనాగమ్మ తడి చేతులు కొంగుకి తుడుచుకుని కాగితం అందుకుంది. అందులో ఏముందో ఆమెకు చదవడం రాదు గానీ, ఖాళీగా ఉన్న గడి కనిపించింది. దాని వంక చూసి, ఇంటి వంక చూసి, రోడ్డు దగ్గరికి నడిచి, మొగుడు రోజూ నిలబడేచోట నిలబడింది. ఆమె నడుము ఇంకా తిన్నగానే ఉంది.

“ఎటు తిరిగి ఒంగాల బాబూ,” అని అడిగింది. “గేటు వైపా, యార్డు వైపా?”

పానకాలరావు గుండెల మీద నుంచి బరువు దిగిపోయింది. గేటు వైపని చెప్పి, గడిలో ఆమె పేరు రాసుకుని, వేలిముద్ర వేయించుకున్నాడు. ఇట్లాంటి ప్రశ్న అడిగేవాళ్లకు ఇంక ఏదీ వివరించి చెప్పాల్సిన పని ఉండదు.